చెప్పుల వరస

ఆళ్ళగడ్డ దాటి చాగలమర్రి రోడ్డులో కొంచెం దూరం పోతే ఎడమచేతి వైపు పసుపులమిట్టకు దారి చీలుతుంది. ఊరి మొదట్లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. పచ్చరంగు ఇనుప గేటు, లోపల ఒక వేపచెట్టు, చెట్టు కింద సిమెంటు అరుగు. నాలుగు మెట్లెక్కితే పొడుగాటి వరండా, వరండా చివర డాక్టరు గది. వరండాలో పరిచినవి బేతంచెర్ల నాపబండలు. మెట్ల దగ్గర నుంచి డాక్టరు గది గడప దాకా సరిగ్గా ఇరవైరెండు బండలున్నాయి. ఒకప్పుడు ఆ లెక్క అక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు.

డాక్టరు దేవరాజు గారిది నంద్యాల. నలభై ఏడేళ్ళ మనిషి. రోజూ కారులో పదిన్నరకు వచ్చి, ఒంటిగంటకు ఓపీ మూసి, నాలుగు కొట్టగానే మళ్ళీ కారెక్కేవాడు. తొమ్మిదికే రావాలని గోడ మీద బోర్డుంది గానీ, బోర్డుకేం, అది ఎన్నయినా చెబుతుంది. వైద్యం రానివాడు కాదు. తేలు కుట్టినా, పాము కరిచినా, పిల్లకు ఫిట్స్ వచ్చినా చకచకా పని చేసేవాడు. కంటికి కనిపించే జబ్బంటే ఆయనకు గౌరవం. కనిపించని జబ్బంటే ఒళ్ళుమంట. అందులోనూ ఒక్క మాట చెవిన పడితే చాలు, ఆముదం తాగినట్టు ముఖం పెట్టేవాడు.

"శాతకాలే సార్."

ఒంట్లో ఓపిక లేదని ఆ పక్క జనం చెప్పే మాట అది. ఒకరోజు రెండ్రోజుల సంగతి కాదు. నెలల తరబడి అదే మాట చెబుతూ వచ్చేవాళ్ళుంటారు. లేవలేకపోతున్నాం, కూలికి పోలేకపోతున్నాం, బిందె ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి అని.

"శాతకాలేదంటే ఏందమ్మా? కాలా? చెయ్యా? కడుపా?"

"అన్నీ సార్."

"అన్నీ అంటే ఏదీ కాదని."

ఇట్లా అని చుట్టూ చూసేవాడు. నవ్వాలి గదా ఎవరైనా. అటెండరు మద్దిలేటి నవ్వేవాడు. జీతంలో అదీ ఒక భాగమే అనుకునేవాడు పాపం.

అట్లాంటి మనిషిని ఎట్లా చూడాలో దేవరాజు గారికి తెలియక కాదు. ఎన్నాళ్ళ నుంచని అడగాలి. నిద్ర, ఆకలి, బరువు, నెలసరి, దడ, ఆయాసం అన్నీ అడగాలి. కింది కనురెప్ప దించి ఎరుపుందో లేదో చూడాలి. నాడి పట్టాలి. వేలు గుచ్చి రక్తం చూడాలి. అప్పటికీ అంతుచిక్కకపోతే, లేదా భయపడాల్సిందేదైనా కనబడితే, పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపాలి. మొత్తం పది నిమిషాల పని. ఆయన నలభై సెకన్లలో తేల్చేసేవాడు. ఎర్రమాత్రలు పది, పచ్చమాత్రలు పది, పో. ల్యాబు మనిషి లేడు కాబట్టి రిజిస్టరులో రక్తం లెక్క ఉండే గడిలో అందరికీ పదకొండు అని మద్దిలేటి చేతనే రాయించేవాడు. తన అత్తగారు మాత్రం ఒకసారి ఫోన్లో నీరసంగా ఉందంటే పదమూడు పరీక్షలు చేయించాడు. నంద్యాలలో నీరసం జబ్బు, పసుపులమిట్టలో నీరసం సోమరితనం. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు.

పెద్దాసుపత్రికి పంపే చీటీల పుస్తకం ఒకటి ఆయన బల్ల మీద ఉండేది. వంద కాగితాలు. మొదటి కాగితం కూడా చిరగలేదు. మూడేళ్ళ కింద ఏదో మీటింగులో, నీ దగ్గర్నుంచి కేసులు తక్కువొస్తాయయ్యా అని ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకుని ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. అప్పట్నుంచి ఆ పుస్తకంతో ఈగలు తోలుకోవడం తప్ప ఇంకో పని చేయలేదు.

ఆ ఓపీలో ఇంకో అలవాటుండేది. లైనులో నిలబడలేనివాళ్ళు తమ చెప్పులు విడిచి వరసలో పెట్టి, పోయి వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళు. ముందు మనిషి జరిగితే వెనక మనిషి ఆ చెప్పుల్ని కాలితో ఒక బండ ముందుకు నెట్టేవాడు. ఎవరి చెప్పులు ఏవో అందరికీ తెలుసు. ఎవరూ మోసం చేయరు. లేనివాళ్ళు ఒకరికొకరు చేసుకునే సాయం అది. దేవరాజు గారికి అది చూస్తే పుండు మీద కారం. వాళ్ళకు 'చెప్పుల పేషెంట్లు' అని పేరు పెట్టాడు.

లూదియా ఆ చెప్పుల పేషెంట్లలో ఒకతె. ముప్పై ఆరేళ్ళు. కలుపు కూలికి పోయేది. మొగుడు మత్తయి ఆదివారం చర్చిలో గంట కొడతాడు, మిగతా ఆరు రోజులు చేలల్లో కూలి చేస్తాడు. ఏప్రిల్లో మొదటిసారి వచ్చింది. అప్పుడు ఎండల వల్ల అన్నాడు డాక్టరు. జూన్లో వస్తే వానల వల్ల అన్నాడు. మధ్యలో ఒకసారి, పిల్లలు లేరు గదా, దిగులు పెట్టుకున్నావు అన్నాడు. ఐదోసారి వచ్చినప్పుడు నర్సు ప్రసన్నకుమారి సూదిమందు గదిలో ఆమె కింది కనురెప్ప దించి చూసి, చేతిలో సూది పక్కన పెట్టి, నేరుగా డాక్టరు గదిలోకి పోయింది.

"సార్, ఆయమ్మ కండ్లు సున్నం మాదిరుండాయి. రక్తమే లేదు. నంద్యాలకు చీటీ రాయండి సార్."

"సిస్టర్, డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే సార్."

"వీళ్ళ నీరసాలకు చీటీలు రాస్తా పోతే ఊరంతా నంద్యాల బస్సెక్కుతాది. ఆడ పెద్ద డాక్టర్లు నన్ను చూసి నవ్వల్లనా?"

ప్రసన్నకుమారి వెనక్కి తిరిగి సూదిమందు గదిలోకి పోయింది. ఆ తర్వాత చాలాకాలం దానికి తనను తాను తిట్టుకుంది.

ఏడోసారి లూదియా వచ్చింది ఆగస్టు చివర ఒక సోమవారం. మెట్లెక్కి, చెప్పులు విడిచి, గోడ పట్టుకుంటూ మళ్ళీ దిగి చెట్టు కింద పడుకుంది. దేవరాజు గారు ఆ రోజు పదకొండు దాటాక వచ్చాడు. ఫోను చూసుకుంటూ వరండాలో నడుస్తూ ఎవరిదో చెప్పు తగిలి తూలాడు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు గానీ లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే.

"మద్దిలేటీ! చెప్పులకు వైద్యం చేసేకి కూర్చున్నానా నేనీడ? అన్నీ ఎత్తి గేటు బయట పారేయ్! నిలబడినోనికే వైద్యం!"

మద్దిలేటి ఒక్కొక్కటీ తీసి విసిరాడు. ఆరు జతలు. ఐదుగురు పరిగెత్తి ఏరుకుని లైనులో చేరారు. లూదియా లేవలేకపోయింది. ఆమె చెప్పులు గేటవతల పంటకాలువలో పడ్డాయి.

ఒంటిగంటకు ఓపీ మూస్తుండగా గది గడప దగ్గర నిలబడింది. ఒట్టి కాళ్ళు. నాలుగు మెట్లెక్కినందుకే రొప్పుతోంది.

"నా వరస పోయింది సార్. చూడు సార్."

"టైమైపోయింది. రేపు రా."

"రేపు రాలేను సార్... ఈ పొద్దే చూడు." గొంతు బాగా చిన్నదైపోయింది. "కన్నన్నా చూడు సార్."

దేవరాజు గారు పెన్ను జేబులో పెట్టుకుని, "రేపు" అని క్యారియరు మూత తీశాడు. ఆ పూట గుత్తివంకాయ.

లూదియా ఇల్లు చేరలేదు. షేర్ ఆటోలో మూల సీటులో కూర్చుని తల వాల్చింది. నిద్రపోతాందిలే అనుకున్నారు పక్కవాళ్ళు. దిగాల్సిన చోట దిగలేదు.

మూడో రోజు మత్తయి వచ్చాడు. గొడవ చేస్తాడేమోనని దేవరాజు గారు మద్దిలేటిని పక్కనే నిలబెట్టుకున్నాడు. మత్తయి గొడవ చేయలేదు.

"ఆయమ్మ చెప్పులు ఈడ పోయినాయంట సార్. నీలం రంగువి. ఐదో నంబరు. ఎడమదాని పట్టీకి పిన్నీసు పెట్టింటాది."

"చచ్చిపోయినామెకు చెప్పులెందుకయ్యా?"

"ఆయమ్మకు ఒట్టికాళ్ళతో నడిచే అలవాటు లేదు సార్."

అదేం జవాబో ఎవరికీ అర్థం కాలేదు. మద్దిలేటి పోయి కాలువంతా వెదికాడు. చెప్పులు లేవు.

తర్వాతి సోమవారం పొద్దున్నే ఊడ్చడానికి వచ్చిన మద్దిలేటికి మెట్ల పక్కన మొదటి బండ మీద ఒక జత చెప్పులు కనబడ్డాయి. నీలం రంగువి. ఎడమదానికి పిన్నీసు. తడిగా ఉన్నాయి, అంచులకు నల్లరేగడి మట్టి అంటుకుని ఉంది. ఆ వారమంతా చుక్క వాన లేదు. మద్దిలేటి వాటిని చీపురు కొనతో ఎత్తుకుపోయి కాలువలో వేసొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం అవి ఐదో బండ మీదున్నాయి. లైనులో జనం వాటి ముందొకరు, వెనకొకరు నిలబడ్డారు గానీ ఎవరూ వాటిని తాకలేదు, ఎవరూ నెట్టలేదు. ప్రసన్నకుమారి చూసి గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంది.

దేవరాజు గారికి ఇదంతా తెలియదు. ఆ మంగళవారం ఆయనకు కొంచెం అలసటగా ఉంది. కారు దిగి నాలుగు మెట్లెక్కేసరికి కాళ్ళు పీకాయి. ముందురోజు పెళ్ళి భోజనం ఎక్కువైందనుకున్నాడు.

బుధవారం చెప్పులు పదో బండ మీదకొచ్చాయి. దేవరాజు గారు పదిగంటలు నిద్రపోయి కూడా ఆవులిస్తూ వచ్చాడు. గురువారం పదిహేనో బండ. ఆ రోజు పెన్ను పట్టుకుంటే చేతిలో నిలవలేదు. జనం చెప్పేది వినబడుతోంది గానీ, బదులు చెప్పాలంటే నాలుక కదిలించడం పెద్ద పనైపోయింది. ఇంటికెళ్ళి సోఫాలో కూలబడి, "నాకు బాగలేదు" అన్నాడు.

"ఏమైంది?" అంది భార్య, టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"తెలీదు. ఓపిక లేదు."

"ఏసీ కారులో పోయి ఏసీ కారులో వస్తారు. ఓపిక యాడికి పోయింది? ఊరికే అట్లనిపిస్తాది, లేచి అన్నం తినండి."

ఆ రాత్రే తనతో చదువుకున్న ఫిలిప్ అనే డాక్టరు దగ్గరికి పోయాడు. ఫిలిప్ రక్తం తీయించాడు, గుండె పరీక్ష చేయించాడు, థైరాయిడు కూడా చూశాడు. అన్నీ బాగున్నాయి. రక్తం పద్నాలుగు.

"ఏం లేదు రా నీకు. పని తక్కువై ఒళ్ళు పెరిగింది. పొద్దున్నే లేచి నడువు," అని భుజం తట్టి, పక్కనున్న కాంపౌండరు వైపు చూసి నవ్వాడు ఫిలిప్. కాంపౌండరూ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడిదో దేవరాజు గారికి బాగా తెలుసు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు గదా, తనదాకా వచ్చింది.

శుక్రవారం వరండాలో నడుస్తుంటే ఆయన కాలికి చెప్పు తగిలింది. పందొమ్మిదో బండ. తిట్టబోయి వంగి చూశాడు. నీలం రంగు. పిన్నీసు.

"ఎవరివి ఇవి?"

లైనులో ఉన్నవాళ్ళంతా ఆయన ముఖం కేసి చూస్తున్నారు. మద్దిలేటి దగ్గరికొచ్చి చెవిలో గుసగుసగా చెప్పాడు. సోమవారం నుంచి జరిగినదంతా చెప్పాడు.

"తాగినావా పొద్దున్నే?" అన్నాడు దేవరాజు గారు. కానీ చూపు ఆ పిన్నీసు మీద నుంచి తిప్పలేకపోయాడు. ఆయనకు నిజంగానే భయమేసింది. అయినా పైకి తేలితే పరువేం కాను? తనే చెప్పుల్ని బూటుతో పక్కకు తన్ని గదిలోకి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఓపీ అయిపోయాక ఆయన కుర్చీలోంచి లేవలేకపోయాడు. కాసేపు కూర్చుని పోదామనుకున్నాడు. ప్రసన్నకుమారి పిల్లలకు టీకాలు వేయడానికి పక్క ఊరికి పోయింది. మద్దిలేటి టీకి పోయాడు. మూడు గంటలు. నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి పట్టపగలే దీపం పెట్టుకునే చీకటి పడింది. గాలి వేపకొమ్మల్ని ఊపింది. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. వాన మొదలైంది.

వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు వినబడింది.

టప్.

తడి రబ్బరు చెప్పు బండ మీద పడిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎవరో రొప్పుతున్న చప్పుడు మాత్రం. నాలుగు మెట్లెక్కి, గోడ పట్టుకుని, ఊపిరి కోసం ఆగిన మనిషి రొప్పు.

టప్.

"మద్దిలేటీ?" అని పిలిచాడు. పిలిచాననుకున్నాడు. పెదవులే కదిలాయి.

మళ్ళీ రొప్పు. పొద్దున చెప్పులు చూసిన బండ నుంచి లెక్కపెట్టాడు. ఇరవై. ఇరవై ఒకటి. తడిసిన రేగడి మట్టి వాసన, పీకిన కలుపుగడ్డి వాసన, చెమట వాసన గదిలోకి వచ్చాయి. తలుపు సగం తెరిచి ఉంది. సందులోంచి వరండా బూడిదరంగులో కనబడుతోంది. అక్కడ ఎవరూ లేరు.

టప్.

ఇరవైరెండు.

గడప అవతల నీలం చెప్పులు పక్కపక్కన ఒద్దికగా ఉన్నాయి. డాక్టరు గదిలోకి పోయేముందు ఎవరైనా విడిచే పద్ధతిలోనే. అవి ఇక కదల్లేదు.

ఒట్టికాళ్ళు కదిలాయి. బండ మీద తడి పాదం ఆనిన గుర్తు పడింది. గడప ఇవతల ఇంకొకటి. ఇంకొకటి... బల్ల దాకా వచ్చాయి. పేషెంట్లు కూర్చునే స్టూలు కిర్రుమంది.

దేవరాజు ఫోను లైటు వేశాడు. స్టూలు ఖాళీగా ఉంది. స్టూలు కింద నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి.

"నా వరస వచ్చింది సార్..."

ఆ గొంతు ఎదురుగా లేదు. ఆయన చెవి పక్కన ఉంది.

"కన్ను చూడు సార్."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చూడను. చూడలేను... చల్లటి వేలు ఒకటి ఆయన చెంప మీద ఆనింది. కలుపు తీసి తీసి గరుకెక్కిన వేలు. మెల్లగా, తొందరేమీ లేకుండా, ఆయన కింది కనురెప్పను దించింది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కరికీ చేయని పని అది.

వేలు అక్కడే ఆగింది. వాన చప్పుడే.

"తెల్లగుండాది సార్," అంది గొంతు. జాలిగానే అంది.

ప్రసన్నకుమారి, మద్దిలేటి వచ్చేసరికి కరెంటు వచ్చింది. దేవరాజు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ప్రసన్నకుమారి పరిగెత్తి నాడి పట్టుకుంది, నుదురు ముట్టుకుంది, తర్వాత బొటనవేలితో కనురెప్ప దించి చూసింది. చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏముంది సిస్టర్?" అన్నాడు దేవరాజు, కళ్ళు తెరిచి.

"సున్నం మాదిరుండాది సార్."

"నిన్న రిపోర్టులో పద్నాలుగుంది."

"రిపోర్టు సంగతి నాకు తెలీదు సార్. మన రిజిస్టర్లో గూడా అందరికీ పదకొండుంటాది." ఆమె గొంతు తగ్గించింది. "ఈ పొద్దే యాడన్నా చూపిచ్చుకోండి సార్. రేపు అనొద్దు. ఆయమ్మ గూడా రేపు రాలేనన్యాది."

చీటీల పుస్తకం ఆమే తీసింది. ఆయన చెయ్యి నిలవడం లేదు కాబట్టి ఆమే రాసింది. దేవరాజు, నలభై ఏడు, నీరసం. కింద సంతకం మాత్రం ఆయన పెట్టాడు. మూడేళ్ళలో ఆ పుస్తకం నుంచి చిరిగిన మొదటి కాగితం అది.

మద్దిలేటి కారు తోలాడు. దారిలో ఫిలిప్‌కు నాలుగుసార్లు ఫోను చేశాడు దేవరాజు. ఫిలిప్ ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? నీరసంగాడి ఫోను. పెద్దాసుపత్రిలో ఆ వేళకు ఓపీ మూసేసుంటారు. నంద్యాల సంజీవనగర్లో రాజరత్నం గారని పెద్ద వయసు డాక్టరున్నాడు. ప్రతి మనిషినీ పావుగంట చూస్తాడనీ, ఎంతటివాడైనా లైనులోనే రావాలంటాడనీ పేరు. ఛాదస్తం అని దేవరాజు వెనకటికి నవ్వేవాడు. ఇప్పుడు ఆ ఛాదస్తమే దిక్కైంది. మద్దిలేటి ఆయన్ను మెట్ల దాకా దించి, కారు పెట్టడానికి చోటు లేక వీధి చివరికి పోయి అక్కడే కారులో కాచుకున్నాడు.

పైన సన్నటి వరండా. ముప్పైమంది దాకా ఉన్నారు. దేవరాజు చీటీ ఇచ్చి, "నేను డాక్టర్ని" అన్నాడు.

"ఈడికొచ్చే ప్రతోడూ ఏదో ఒకటేలే. లైనులో ఉండప్పా," అన్నాడు కాంపౌండరు, తల ఎత్తకుండా.

ఐదు నిమిషాలు నిలబడ్డాడు. గుండె గొంతులోకి వచ్చింది. కళ్ళ ముందు నల్లచుక్కలు ఆడాయి. గోడవార మెట్టు ఖాళీగా ఉంది. లైనులో అక్కడక్కడా సంచులు, ఒక జత చెప్పులు కనబడ్డాయి. ఇక్కడా అదే అలవాటు. దేవరాజు చుట్టూ చూసి, తన నల్ల బూట్లు విడిచి వరసలో పెట్టి, పోయి మెట్టు మీద కూర్చున్నాడు. సిగ్గేమీ పడలేదు. సిగ్గుపడాలన్నా ఒంట్లో ఓపికుండాలి గదా.

వెనకనున్న ఎవరో ముసలాయన ఆ బూట్లను కాలితో జాగ్రత్తగా ఒక అడుగు ముందుకు నెట్టాడు. అది చూసి దేవరాజుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. తల గోడకు ఆనించాడు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి వరండా ఖాళీగా ఉంది. కాంపౌండరు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాడు.

"నా పేరు పిలవలేదే?"

"ఏం పేరు?"

"దేవరాజు."

కాంపౌండరు పుస్తకం తిప్పాడు. "దేవరాజు... పసుపులమిట్ట చీటీ. పిలిచినాం గదా. లోపలికి పోయినారు. అరగంట చూసినాడు సారు."

"ఎవరు పోయింది?"

"నల్ల బూట్లోళ్ళు."

"మనిషి ఎవరయ్యా? ముఖం చూడలేదా?"

"ఇంతమందిలో ముఖాలు యాడ చూస్తామప్పా? చీటీ చూస్తాం, చెప్పులు చూస్తాం, పంపుతాం." కాంపౌండరు కాస్త గొంతు తగ్గించాడు. "కన్ను దించి చూసి సారు కుర్చీలోంచి లేచినాడంట. ఒంట్లో రక్తమే లేదు, ఇన్నాళ్ళు ఎవరూ చూడలేదా అని ఒకటే తిట్లు. ఈ పొద్దే కర్నూలు పెద్దాసుపత్రిలో చేరల్లని రాసిచ్చి, ఆడికి ఫోను గూడా చేసినాడు. మంచం పెట్టి సిద్ధంగా ఉంటారంట. బేగా పోమన్యాడు."

దేవరాజు గోడ పట్టుకుని లేచాడు. "ఆ చీటీ నాది. ఆ మంచం నాది. సార్‌ని పిలువు."

"సారు పోయినాడు గదా."

"నన్ను చూడాల. ఈ పొద్దే చూడాల."

"రేపు రాప్పా."

"రేపు..." అన్నాడు దేవరాజు. మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ మాట ఎవరిదో ఆయనకు తెలుసు.

తలుపు దగ్గర, బూట్లుండాల్సిన చోట, నీలం చెప్పులున్నాయి. తడిగా ఉన్నాయి. ముందుభాగం ఆయన వైపు తిరిగి ఉంది. ఆయన వాటికి ఎడంగా, గోడకు ఒళ్ళు రాసుకుంటూ జరిగి, ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగాడు. ఒట్టికాళ్ళతోనే దిగాడు. కింద బండల చల్లదనం అరికాళ్ళకు తెలిసింది కూడా.

వీధిలో వాన వెలిసింది. మద్దిలేటి కారు తెచ్చి ఆపాడు. వెనక తలుపు తీసి పట్టుకున్నవాడు ఆయన కాళ్ళ వైపు చూసి అట్లాగే నిలబడిపోయాడు.

"సార్..."

దేవరాజు తల వంచి చూశాడు.

ఎడమదానికి పిన్నీసు. ఆడమనిషి చెప్పులు, ఐదో నంబరు. ఆయన కాలు తొమ్మిది. ఎప్పుడు తొడుక్కున్నాడో తెలియదు. కొలిచి కుట్టినట్టు సరిగ్గా సరిపోయాయి. పైన తడిగా ఉన్నా, లోపల ఇంకా వెచ్చగా ఉన్నాయి.